ఆయన తీరే అంత

మా అన్నయ్య కొడుక్కి నాలుగేళ్ళప్పుడు కాకినాడలో ఒక డాక్టరుగారు చూసి ఆటిజం అని చెప్పారు. నలుగురితో కలవడం, మాట్లాడటం, శబ్దాల్నీ మార్పుల్నీ తట్టుకోవడం చిన్నప్పటినుంచే వేరే తీరులో ఉండటం అది. ఆ రోజు అమ్మ కూడా వాళ్ళతో వెళ్ళింది. "మీ ఇంట్లో ఇంకెవరైనా ఇలా ఉండేవారా అండి?" అని డాక్టరుగారు అడిగితే అన్నయ్య లేదండి అనబోయాడట. అమ్మ మాత్రం కాసేపు ఊరుకుని, "వాళ్ళ తాతగారు" అందట.

ఆ ఒక్క మాట పట్టుకుని రెండేళ్ళుగా దొరికినదల్లా చదువుతున్నాను. నేను డాక్టర్ని కాదు, హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. కానీ ఇది మా ఇంట్లో జరిగిందే కాబట్టి, ఇంకా చాలా ఇళ్ళల్లో జరుగుతూ ఉంటుంది కాబట్టి రాస్తున్నాను.

మా నాన్నగారిది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. 1953లో పుట్టారు, నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. తెల్లారగానే కాలవ గట్టు మీదకి వెళ్ళి గేజీ చూసి రాసుకోవడం, రాత్రి ఏడున్నరకి భోజనం, పీట ఎప్పుడూ కిటికీ వైపే. చెప్పకుండా చుట్టాలొస్తే గదిలోకి వెళ్ళి తలుపేసుకునేవారు. మరీ ఎక్కువమంది వస్తే కేకలేసేవారు, ఆ తర్వాత రెండు రోజులు మాటుండేది కాదు. ఊళ్ళో అందరూ "ఆయన తీరే అంతండి" అనేవారు, మేమూ అదే అనుకుంటూ పెరిగాం. ఆ మాటతోనే ఊరు ఆయన్ని తనలో కలుపుకుంది, అది కాదనను. కానీ ఆ మాట అనేశాక ఇంక ఎందుకలా ఉంటారని ఎవరూ అడగరు.

మా వైపు మాట సూటిగా రాదని అందరికీ తెలుసు. ప్రేమ ఉన్నా వెటకారమే, కోపం వచ్చినా వెటకారమే, కొత్త అల్లుడైతే మరీను. అక్క పెళ్ళయిన మొదటి సంక్రాంతికి బావగారు అరిసె కొరికి, "మామగారూ, వీటితో గోడ కట్టేయొచ్చండీ" అన్నారు. నాన్న లేచి ఆయన ముందున్న పళ్ళెం తీసేసి వంటింట్లో పెట్టి వచ్చారు. "ఇవి అల్లుడుగారికి బాగాలేవట, పెట్టకు" అన్నారు అమ్మతో. కంచం ముందు నుంచి తిండి తీసేశారని బావగారు రెండేళ్ళు పండక్కి రాలేదు, అక్క ఏడ్చింది, నాన్నకి అల్లుడంటే గిట్టదని అందరం నమ్మేశాం. ఇప్పుడు చూస్తే నాన్న చేసింది మర్యాదే. బాగాలేదన్నది బలవంతంగా తినిపించకూడదనుకున్నారు. అన్న మాటని అన్నట్టే తీసుకోవడం ఆటిజంలో చాలామందికి ఉండే లక్షణం.

ఇక్కడ తప్పు ఎవరిది? డేమియన్ మిల్టన్ అని బ్రిటన్‌లో ఒక సమాజశాస్త్రవేత్త ఉన్నారు, ఆయనకీ ఆటిజం ఉంది. ఆటిజం ఉన్నవాళ్ళకి ఎదుటివాళ్ళు అర్థం కారు అనడం సగం నిజమేనని, ఎదుటివాళ్ళకి వీళ్ళు కూడా అంతే అర్థం కారని 2012లో ఆయన రాశారు. దీన్ని 2020లో కేథరిన్ క్రాంప్టన్ బృందం పరీక్షించింది. ఎనిమిదేసి మందిని వరసగా పెట్టి ఒకరి నుంచి ఒకరికి కథ చెప్పించారు. అందరూ ఆటిజం ఉన్నవాళ్ళే అయిన వరసలోనూ, ఎవరికీ ఆటిజం లేని వరసలోనూ కథ ఒకేలా చేరింది, రెండు రకాలవాళ్ళనీ కలిపిన వరసలో మాత్రం ఎక్కువగా జారిపోయింది. తర్వాత ఇంకా ఎక్కువమందితో చేసినప్పుడు కలిపిన వరసల్లో కూడా ఆ తేడా కనబడలేదు, కాబట్టి ఈ కథ ఇంకా తేలలేదు. కానీ ఆటిజం ఉన్నవాళ్ళు తమలో తాము మాట్లాడుకుంటే విషయం బాగానే చేరుతుందని రెండుసార్లూ తేలింది. అంటే మాట్లాడటమే చేతకాని మనుషులు కారు వీళ్ళు.

మరి నాన్నకి ఈ సంగతి ఎవరూ ఎందుకు చెప్పలేదు? చెప్పగలిగినవాళ్ళే లేరు. లియో కానర్ అమెరికాలో 11 మంది పిల్లల గురించి రాసి ఆటిజాన్ని వైద్యలోకం దృష్టికి తెచ్చింది 1943లో, అంటే నాన్న పుట్టడానికి పదేళ్ళ ముందే. కానీ చాలాకాలం అది చిన్నపిల్లలకి, అదీ మాటలు సరిగా రానివాళ్ళకి వచ్చేదిగానే చూశారు. నాన్న పెళ్ళయిన మరుసటి ఏడు, 1980లో, మానసిక సమస్యల పేర్లూ లక్షణాలూ రాసుకునే అమెరికా మానసిక వైద్యుల డీఎస్ఎం పుస్తకంలో దాన్ని 'శైశవ ఆటిజం' అనే రాశారు. చక్కగా మాట్లాడుతూ, చదువుకుని, ఉద్యోగం చేసుకునేవాళ్ళలో కూడా ఇది ఉంటుందని లోర్నా వింగ్ గట్టిగా చెప్పింది 1981లో. ఆవిడ మానసిక వైద్యురాలు, ఆటిజం ఉన్న కూతురికి తల్లి కూడా. శబ్దాలు, వాసనలు, తాకిడి భరించలేకపోవడం అన్నది ఆ పుస్తకంలోని లక్షణాల జాబితాలో చేరింది 2013లో, అప్పటికి నాన్న రిటైరైపోయారు. మన దేశంలో 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం అన్న మాటే లేదు, 2016 చట్టంలో వచ్చింది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఇంకొకటి. కానర్ ఆ పిల్లల తల్లిదండ్రులని కూడా గమనించారు. ముభావంగా ఉంటారని, ప్రతిదీ పట్టిపట్టి చూస్తారని రాశారు. 1943లో ఇది పుట్టుకతో వచ్చేదే అన్న మనిషి, కొన్నేళ్ళకి తల్లిదండ్రుల చల్లదనం వల్ల పిల్లలు ఇలా అయ్యారన్న వైపు మొగ్గారు. 'ఫ్రిజ్ లాంటి తల్లులు' అన్న నింద అక్కడినుంచే పాకింది, ఎందరో తల్లులు దాన్ని మోశారు. 1977లో సుసాన్ ఫోల్‌స్టైన్, మైకేల్ రట్టర్ 21 కవల జంటలని చూశారు. జన్యువులు ఒకటే అయి అచ్చం ఒకేలా ఉండే 11 జంటల్లో నాలుగింట ఇద్దరికీ ఆటిజం ఉంది, అలా కాని కవలల 10 జంటల్లో ఒకరికి ఉన్నా రెండోవారికి లేదు. 2019లో ఐదు దేశాల్లో 20 లక్షలకి పైగా మనుషుల రికార్డులు చూసి, ఆటిజం రావడంలో వారసత్వం వాటా 80 శాతం దాకా ఉందని లెక్కకట్టారు. తల్లిదండ్రుల్లో కనబడింది పిల్లల ఆటిజానికి కారణం కాదు, చాలా ఇళ్ళల్లో అదే వారసత్వం ముందు తరంలో కనబడటం. మా మేనల్లుడి పేరు మీద రాసిన కాగితం చదివి అమ్మకి అర్థమైంది ఇదే.

పేరు తెలియనప్పుడు ఇంట్లో ఏమవుతుందంటే, ప్రతి ఒక్కరూ తమకి తోచిన కారణం వేసుకుంటారు, అది దాదాపు ఎప్పుడూ తమని బాధపెట్టే కారణమే అవుతుంది. అక్క తనని చూసి నాన్న ఎప్పుడూ సంతోషపడరనుకుంది. అన్నయ్య మొండికేసి ఎదురు తిరిగాడు. నేను చెప్పుల చప్పుడుని బట్టి ఆ రోజు నాన్న ఎలా ఉన్నారో కనిపెట్టడం నేర్చుకున్నాను, ఇప్పటికీ ఆఫీసు రూములో హెడ్మాస్టరుగారి అడుగులు వింటే నా భుజాలు బిగుసుకుంటాయి. అమ్మ మా అందరికీ దుబాసీ. "నాన్నకి అలా చెప్పకు, ఇలా చెప్పు", "ఆయనకి తలనొప్పండి, ఏమనుకోకండి". ఆవిడ జీవితంలో ఎంత భాగం ఈ మాటలకే పోయిందో.

బామ్మ పోయినప్పుడు నాన్న ఏడవలేదు, రాయి అన్నారు చుట్టాలు. తన లోపల ఏమవుతోందో గుర్తుపట్టి పేరు పెట్టలేకపోవడాన్ని అలెక్సిథైమియా అంటారు. ఆటిజం ఉన్నవాళ్ళలో దాదాపు సగంమందికి ఉంటుందని, మిగతావాళ్ళలో ఐదు శాతం దగ్గర ఉంటుందని 2019లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసినవాళ్ళు తేల్చారు. బాధ లేదని కాదు, అది మాట రూపంలోకి రాదు. నాన్న పదిహేను రోజులు అన్నం సరిగా తినలేదు, రాత్రి రెండింటికి లేచి గట్టు మీదకి వెళ్ళిపోయేవారు. అది ఏడుపు అని మాకెవరికీ తోచలేదు.

అలాగే ఫోన్లు. నేను హాస్టల్లో ఉన్న రోజుల్లో గోదారికి వరదొస్తే నాన్న ఫోన్ చేసేవారు. "ధవళేశ్వరంలో 11.75 దాటింది, మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75కి రెండోది" అని పెట్టేసేవారు. ఎలా ఉన్నావని అడిగేవారు కాదు, నాకు ఒళ్ళు మండేది. డైనా మర్రే, ఆవిడ సహచరులు 2005లో ఒక సంగతి చెప్పారు. ఆటిజం ఉన్నవాళ్ళ ధ్యాస ఒక్కసారికి ఒకే కాలవలో బలంగా పారుతుంది, దాన్ని మధ్యలో మళ్ళించడం చాలా కష్టం అని. నాన్న ధ్యాస నీటి మట్టం మీద ఉంది, నేనూ ఆ నీటికి అవతల ఉన్నాను. రెండో హెచ్చరిక వస్తే బస్సు ఎక్కకు, రావద్దు, క్షేమంగా ఉండు. ఆ అంకెల్లో ఉన్నది ఇంతే.

అలాగని అన్నిటికీ ఆటిజం అని పేరు పెట్టేయకూడదు. ఆ కేకలకి మేం నిజంగా భయపడ్డాం, కారణం తెలిసినంత మాత్రాన ఆ భయం లేకుండా పోదు. తాగి కొట్టే తండ్రికి ఇది సాకు కానే కాదు. పట్టింపు మనుషులందరికీ ఆటిజం ఉండదు, పెద్దవయసులో కొత్తగా ముభావంగా మారితే ముందు చెవులు, డిప్రెషన్, మతిమరుపు చూపించాలి. ఆటిజం చిన్నప్పటినుంచీ ఉంటుంది, అందుకే పెద్దవాళ్ళని పరీక్షించేటప్పుడు వాళ్ళ బాల్యం తెలిసినవాళ్ళని అడుగుతారు. మాకు మేనత్త మిగిలింది. "వాడు లాకుల దగ్గర కూర్చుని పడవ ఎక్కడం దిగడం పొద్దుగూకులా చూసేవాడే, అన్నానికి పిలిస్తే వినబడేది కాదు" అంది.

ఇదే తీరు అమ్మకి ఉండుంటే? చుట్టాలొచ్చినప్పుడు గదిలోకి వెళ్ళి తలుపేసుకునే వీలు మా ఊళ్ళో ఏ ఆడమనిషికి ఉంది? నాన్నది తీరు అయింది, ఆవిడదైతే పొగరు అయ్యేది. ఆటిజం ఉన్న 355 మంది తల్లులతో 2020లో వచ్చిన ఒక అధ్యయనంలో ప్రసవం తర్వాతి డిప్రెషన్ వాళ్ళలో ఎక్కువగా కనబడింది, పిల్లల అవసరాలని ముందు పెట్టడంలో మాత్రం మిగతా తల్లులకి ఏమీ తీసిపోలేదు. పైకి మామూలుగా కనబడటానికి ఒళ్ళంతా బిగబట్టి బతికే అమ్మలు మన చుట్టూ ఎంతమంది ఉన్నారో అని నాకు తరచూ అనిపిస్తుంది.

నేను తెలుగులో రాసిచ్చిన నాలుగు పేజీలు నాన్న రెండుసార్లు చదివారు, పెన్సిల్‌తో టిక్కులు పెట్టారు. పరీక్షకి వెళ్దామా అంటే "ఇప్పుడొద్దు" అన్నారు, ఆ మాట ఆయనదే, మేం ఒత్తిడి చేయలేదు. అందుకే నాన్నకి ఆటిజం ఉంది అని నేను ఎక్కడా అనడం లేదు. ఉన్నట్టే అనుకుని మసలుకుంటున్నాం. "రేపు పదిన్నరకి నలుగురం వస్తాం, ఐదింటికి వెళ్ళిపోతాం" అని ముందే చెబుతాం, ఐదింటికి నిజంగానే లేస్తాం. బావగారు ఇప్పుడు అరిసె బాగుంటే బాగుందనే అంటున్నారు.

ఆ నాలుగు పేజీలు అమ్మ కూడా చదివింది. శబ్దాల గురించి రాసిన చోట ఆగిపోయింది. 1979లో వాళ్ళ పెళ్ళిలో తలంబ్రాలు అవుతుండగానే నాన్న పందిట్లోంచి లేచి వెళ్ళిపోయి గంటసేపు కాలవ గట్టున కూర్చున్నారని, పిల్ల నచ్చలేదని పెళ్ళికొచ్చినవాళ్ళు గుసగుసలాడారని ఆవిడ అప్పటిదాకా మాకు ఎప్పుడూ చెప్పలేదు. కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంటూ, "అయితే అది ఆ మేళానికేనంటావా?" అని అడిగింది.