తెగల కాసినోలు, క్రీడా పందేలు: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో గేమింగ్ నిబంధనల అమలు చూసే ఉద్యోగం నాది. ఇక్కడి మనవాళ్లలో ఎక్కువగా వినే మాటలకు నా జవాబులివి.

అపోహ: రాష్ట్రం దయతలచి తెగలకు కాసినోలు ఇచ్చింది.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టే మాట ఇదే. నేటివ్ అమెరికన్ తెగలవి స్వపరిపాలన ఉన్న ప్రభుత్వాలు. తమ భూముల్లో జూదపు ఆటలు నడుపుకునే హక్కును 1987లో కబజాన్ కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. మరుసటి ఏడాది వచ్చిన కేంద్ర చట్టం కాసినో ఆటలకు రాష్ట్రంతో ఒప్పందం ఉండాలంది. దాన్నే కాంపాక్ట్ అంటారు. అంటే రెండు ప్రభుత్వాలు ఎదురెదురుగా కూర్చుని కుదుర్చుకునే వ్యవహారం. ఆ తర్వాత అది తెగల వ్యవహారాలు చూసే కేంద్ర ఇంటీరియర్ శాఖకు వెళ్తుంది. 45 రోజుల్లో అక్కడ ఏదీ తేల్చకపోతే, చట్టానికి లోబడినంత మేరకు ఆమోదించినట్టే లెక్క.

అపోహ: కాసినోల లాభం తెగ నేతల జేబుల్లోకే.

తెగ ప్రభుత్వ నిర్వహణ, సభ్యుల సంక్షేమం, ఆర్థికాభివృద్ధి, దాతృత్వం, స్థానిక ప్రభుత్వాలకు సాయం: ఖర్చు వీటికే పెట్టాలని చట్టంలోనే ఉంది. సభ్యులకు తలా ఇంత పంచాలన్నా కేంద్రం ఆమోదించిన ప్రణాళిక కావాలి.

అపోహ: 2018 సుప్రీంకోర్టు తీర్పుతో దేశమంతా క్రీడా బెట్టింగ్‌కు అనుమతి వచ్చింది.

రాలేదు. క్రీడా పందేలను అనుమతించకుండా రాష్ట్రాలను అడ్డుకున్న 1992 నాటి కేంద్ర చట్టాన్ని కోర్టు కొట్టేసింది, అంతే. నిర్ణయం రాష్ట్రాలకే వదిలింది. కాలిఫోర్నియా ఓటర్లు 2022లో క్రీడా పందేలను అనుమతించాలన్న రెండు ప్రతిపాదనలనూ తిప్పికొట్టారు.

అపోహ: సర్వర్ తెగ భూమిలో ఉంటే చాలు, ఎక్కణ్నుంచైనా పందెం కాయొచ్చు.

మా రంగంలోవాళ్లే తడబడే చోటిది. ఫ్లోరిడాలో సెమినోల్ తెగతో 2021లో కుదిరిన కాంపాక్ట్, సర్వర్ తెగ భూమిలో ఉంటే పందెం అక్కడే పడినట్టు భావించాలంది. అదే ఏడాది ఫెడరల్ జడ్జి ఆ కాంపాక్ట్‌కు దక్కిన కేంద్ర ఆమోదాన్ని కొట్టేశారు. 2023లో అప్పీల్ కోర్టు ఆ తీర్పును తిప్పేసింది, కానీ ఒక మెలికతో: కేంద్ర చట్టం కింద కాంపాక్ట్ అనుమతించేది తెగ భూముల్లోని ఆటనే. మయామీలో సోఫాలో కూర్చుని కాసే పందెం చెల్లుతుందా లేదా అన్నది రాష్ట్ర చట్టం తేల్చాలి.

వాషింగ్టన్ రాష్ట్రంలో సంగతి వేరు. 2020 చట్టం ప్రకారం క్రీడా పందేలు తెగల కాసినోల్లోనే. మొబైల్ బెట్టింగ్ ఉన్నా కాసినో ఆవరణలోనే. రెడ్‌మండ్‌లోని మీ అపార్ట్‌మెంట్ నుంచి కుదరదు, స్నోక్వాల్మీ లాంటి తెగ కాసినోకు వెళ్లాల్సిందే. దయచేసి వీపీఎన్ (మీరున్న చోటును దాచే సాఫ్ట్‌వేర్) పెట్టి ప్రయత్నించకండి. దొరికితే ఖాతా మూసేస్తారు, గెలిచిన డబ్బూ ఆపేయొచ్చు.