మీ టీవీ పోర్టును కాల్చింది హెచ్‌డీఎంఐ కేబుల్ కాదు

ఈ నెలలో ఇది మూడో ఫోన్. "అన్నా, కంప్యూటర్‌ని టీవీకి కలుపుదామని హెచ్‌డీఎంఐ పెట్టాం. చిటుక్కుమంది. అప్పట్నుంచీ నో సిగ్నలే." మొదటి ఇద్దరిదీ కనిగిరి, కావలి. ఇవాళ ఫోన్ చేసినాయనది ఉలవపాడు. ముగ్గురికీ ఎవరో ఒకే మాట చెప్పారు: చవక కేబుల్ వాడారు, అందుకే పోర్టు కాలిందని. ముగ్గురూ పోయి బంగారు పూత కేబుల్ కొనుక్కొచ్చారు. కాలిన పోర్టు కొత్త కేబుల్‌తో బతకదు కదా.

నేను ఒంగోలులో ఉంటూ చుట్టుపక్కల ఊళ్లలో హోమ్ థియేటర్లు బిగిస్తుంటాను. ఇలాంటి ఫోన్ వస్తే నేను అడిగేది ఒక్కటే. "సీపీయూ డబ్బా ముట్టుకున్నప్పుడు ఎప్పుడైనా చెయ్యి జివ్వుమందా?" "ఆ, మంటదన్నా, అది మామూలేగా" అంటారు.

అపోహ అదే. అది మామూలు కాదు. ఆ ఇంట్లో ఎర్త్ లేదని అర్థం.

కంప్యూటర్ లోపల కరెంటును దానికి సరిపడా మార్చి ఇచ్చే ఎస్‌ఎంపీఎస్‌లో ఫేజ్ నుంచి డబ్బాకు ఒకటి, న్యూట్రల్ నుంచి డబ్బాకు ఒకటి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. కరెంటులోని రొదను ఎర్త్‌లోకి పంపడం వాటి పని. ఎర్త్ సరిగ్గా ఉంటే మనకు ఏమీ తెలియదు. ఎర్త్ లేకపోతే 230 వోల్టుల్లో సగం, అంటే 115 దాకా, డబ్బా మీదే నిలుచుంటుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి మనిషికి జివ్వుమంటుంది, అంతే. హెచ్‌డీఎంఐ చిప్‌కు మాత్రం అది ఎక్కువ. దాని పిన్నుల్లో నడిచేది 5 వోల్టులు, అంతకన్నా తక్కువ. అవతల టీవీకి చాలా ఇళ్లలో రెండు పిన్నుల ప్లగ్గే. దాని వెనక కేబుల్ టీవీ వైరు కూడా ఉంటే, దానిలోని లోహపు తొడుగు వీధి స్తంభాల దాకా పోయి ఉంటుంది. ఈ వోల్టేజీ తేడాలన్నీ కలిసేది ఆ 19 పిన్నుల పోర్టులోనే. రెండూ ఆన్‌లో ఉండగా మీరు కేబుల్ గుచ్చిన క్షణంలో ఆ తేడా చిప్ గుండా పోతుంది. మీరు విన్న చిటుక్కు అదే.

మన దగ్గర ఎర్త్ పోవడానికి కారణాలు కళ్లముందే ఉన్నాయి. పొదిలి, కనిగిరి వైపు వేసవికి ఎర్త్ గుంట ఎండిపోతుంది. ఉప్పూ బొగ్గూ వేసి ఇల్లు కట్టిన రోజు మూసిన గుంటలో మళ్లీ చెంబెడు నీళ్లు పోసినవాళ్లు తక్కువ. కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలికి ఎర్త్ వైరు, క్లాంపు తుప్పు పట్టి తెగిపోతాయి. ఇవేవీ లేకపోయినా, సాకెట్‌లో పట్టట్లేదని మూడో పిన్ను విరగ్గొట్టే అలవాటు ఉండనే ఉంది. "యూపీఎస్ ఉందిగా" అంటారు కొందరు. యూపీఎస్ ఎర్త్‌ను పుట్టించదు. గోడలో ఉన్నదాన్నే దాటిస్తుంది.

రెండేళ్ల కిందట కందుకూరులో రిటైరైన మాస్టారి ఇంటికి వెళ్లాను. అమెరికాలో ఉన్న కొడుకు సెలవులకొచ్చి, సినిమాలన్నీ పెట్టి చిన్న కంప్యూటర్ అమర్చి వెళ్లాడు. అప్పటికి టీవీ బోర్డు రెండుసార్లు మార్చారు. మాస్టారి భార్య ఆ కంప్యూటర్ మీద గుడ్డ కప్పేసి పక్కన పెట్టారు. "మాకు చేతకాక పాడు చేశాం నాయనా, వాడికి చెప్పలేదు" అన్నారామె. వాళ్ల తప్పేమీ లేదు. మీటరు పెట్టి చూశాను. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే రావాలి, వచ్చింది 100 చిల్లర. అంటే ఎర్త్ గాల్లో ఉంది. సాకెట్‌లో ఎర్త్ వైరు ఉంది, దాని రెండో కొస మెట్ల కింద గోడలో తెగి ఉంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి కొత్త గుంట తీయించాం. రెండు బోర్డులకు పెట్టిన డబ్బులో అదెంతో కాదు. ఆ సాయంత్రం మాస్టారు కంప్యూటర్ ఆన్ చేస్తుంటే ఆవిడ తలుపు దగ్గరే నిలబడిపోయారు. బొమ్మ వచ్చాకే లోపలికొచ్చి కూర్చున్నారు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఎర్త్ లేదంటే సాకెట్‌లో న్యూట్రల్‌నే ఎర్త్‌కు లూప్ వేసి "అయిపోయింది" అనేవాళ్లున్నారు. ఆ పని చేయనివ్వకండి. ఎక్కడైనా న్యూట్రల్ తెగితే 230 వోల్టులూ డబ్బా మీదికొస్తాయి. అప్పుడు పోయేది పోర్టు కాదు, ప్రాణం.

ఎర్త్ బాగున్నా సరే, టీవీ, కంప్యూటర్ రెండిటి ప్లగ్గులూ తీసి, కేబుల్ టీవీ వైరు విప్పి, ముందు హెచ్‌డీఎంఐ పెట్టండి. తర్వాతే కరెంటు.

మిగతావి గబగబా చెప్తాను, వీటితో ఎవరి ఇల్లూ కాలదు.

ఖరీదైన కేబుల్‌తో రంగులు పెరగవు. సిగ్నల్ డిజిటల్. కేబుల్ చాలకపోతే బొమ్మలో చుక్కలు మెరుస్తాయి, లేదా తెర ఉన్నట్టుండి నల్లబడి మళ్లీ వస్తుంది. మసకగా మాత్రం రాదు. 4కే 60 హెర్ట్జ్‌కి, అంటే సెకనుకు 60 సార్లు మారే 4కే బొమ్మకి, పొట్టిదైన ప్రీమియం హై స్పీడ్ కేబుల్ చాలు.

4కేలో మౌస్ ఈడ్చుకుంటూ కదిలితే కంప్యూటర్ పాడైనట్టు కాదు, 30 హెర్ట్జ్‌లో నడుస్తోంది. 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4 సత్తా అంతే. 60 కావాలంటే 2013లో వచ్చిన 2.0 రెండు వైపులా ఉండాలి, చాలా టీవీల్లో ఆ ఇన్‌పుట్‌కి సెట్టింగ్ కూడా విడిగా ఆన్ చేయాలి.

టాస్క్‌బార్ అంచు తెగిపోతే అది ఓవర్‌స్కాన్, డబ్బా టీవీల కాలపు అలవాటు. టీవీ మెనూలో జస్ట్ స్కాన్ అనో స్క్రీన్ ఫిట్ అనో ఉంటుంది. నలుపు బూడిదలా కనిపిస్తే, నలుపు నుంచి తెలుపు దాకా లెక్కించే అంకెలు కంప్యూటర్, టీవీల్లో ఒక వైపు 16-235, మరో వైపు 0-255 ఉన్నట్టు. రెండూ ఒకటి చేయండి. సినిమాలో కెమెరా పక్కకు తిరిగేటప్పుడు బొమ్మ కుదుపుతుంటే, 24 ఫ్రేముల సినిమాను 60 హెర్ట్జ్‌లో చూస్తున్నారు. టీవీ ఒప్పుకుంటే 24 పెట్టండి. సౌండ్ రాకపోతే విండోస్‌లో అవుట్‌పుట్‌గా టీవీని ఎంచుకోండి, స్పీకర్లు మార్చొద్దు.

ఉలవపాడు ఆయన చివర్లో ఇంకోటి అడిగాడు. ఎర్త్ వేయిస్తే పిడుగుకూ భయం లేదా అని. అలా అనుకోవద్దు. వేసవి గాలివానలప్పుడైనా, అక్టోబరు, నవంబరు వానలప్పుడైనా ఉరుము దూరంగా ఉండగానే ప్లగ్గులు పీకేయండి. డిష్ వైరు, కేబుల్ టీవీ వైరు, ఇంటర్నెట్‌కి వచ్చే రాగి వైరు కూడా విప్పండి. ఉరుము నెత్తిమీదికి వచ్చాక మాత్రం వాటి జోలికి పోకండి.