జీతం ఆగడం వేరు, పోస్టు పోవడం వేరు: ప్రభుత్వ ఖర్చుల కోతపై అపోహలు - వాస్తవాలు

ట్రెజరీలో 31 ఏళ్లు చేసి సీనియర్ అకౌంటెంట్‌గా రిటైరయ్యాను. అనంతపురంలో మా ఇంటికి ఇప్పటికీ రోజుకొకరైనా వస్తారు. ఔట్‌సోర్సింగ్ వాళ్లు, కాంట్రాక్టు వాళ్లు, హాస్టళ్లలో వంట చేసేవాళ్లు. అందరిదీ ఒకటే ప్రశ్న. "సార్, ఖర్చులు తగ్గిస్తాండారంట, మా పోస్టులు తీసేస్తారంట కదా?" ఎవరు చెప్పారంటే వాట్సాప్ గ్రూపు పేరు చెప్తారు. జీవో నంబరు అడిగితే ఉండదు. ఆ మెసేజ్ తయారుచేసినవాడికి ఏం పోయింది? ఇక్కడ ఒక కుటుంబం రాత్రంతా నిద్రపోలేదు.

అపోహ: మూడు నెలలు జీతం పడలేదంటే పోస్టు ఎత్తేసినట్టే.

అందరికంటే ఎక్కువగా జనాన్ని ముంచుతున్నది ఇదే, అందుకే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను. జీతం ఆగడానికి దారులు చాలా ఉన్నాయి. పద్దులో డబ్బుంటుంది, ఆ త్రైమాసికానికి రిలీజ్ కాదు. రిలీజవుతుంది, ఖజానాలో నగదు లేక బిల్లు క్యూలో ఉంటుంది. ఇవి రెండూ సర్దుకునేవే. మూడోది కొనసాగింపు ఉత్తర్వు. ఔట్‌సోర్సింగ్ పోస్టుకు ఆర్థిక శాఖ ఇంతమంది, ఇంతకాలం అని గడువు పెట్టి అనుమతి ఇస్తుంది. గడువు దాటితే మళ్లీ ఉత్తర్వు వచ్చేదాకా ట్రెజరీలో బిల్లు పాస్ చేయరు. అందుకే ఏటా ఏప్రిల్, మే నెలల్లో ఈ గోల ఎక్కువ. 010 పద్దు, అంటే ప్రభుత్వ జీతాల పద్దు కింద జీతం తీసుకునే రెగ్యులర్ ఉద్యోగికి ఈ బాధ లేదు.

పోస్టు రద్దు సంగతి పూర్తిగా వేరు. దానికి విడిగా ఉత్తర్వు రావాలి. గడువులో ఉన్న పోస్టు మీ ఆఫీసుకు కాగితం రాకుండా పోదు.

కళ్యాణదుర్గం వైపు నుంచి ఒకామె వచ్చింది. హాస్టల్లో స్వీపరు, నాలుగు నెలలుగా జీతం లేదు. కొడుకును వెంటబెట్టుకొచ్చింది. "లిస్టులో నా పేరుండాదంట సార్, తీయిస్తానని ఒకాయన నలభై వేలు తీసుకున్యాడు" అంది. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బు. అసలా లిస్టే లేదు. బిల్లు నంబరు తెప్పించుకుని, కొడుకు ఫోన్లోనే స్టేటస్ తీసి చూపించాను. బిల్లును ఆబ్జెక్షన్‌తో వెనక్కి పంపారు. కారణం ఒక్క లైను: కొనసాగింపు ఉత్తర్వు కాపీ జతచేయలేదు. ఉత్తర్వు అప్పటికే వచ్చి ఉంది. డీడీవో, అంటే జీతాల బిల్లు పెట్టే అధికారి ఆఫీసులో దాన్ని బిల్లుకు పెట్టలేదు, అంతే. మళ్లీ పంపిన పది రోజులకు నాలుగు నెలల జీతమూ ఒకేసారి పడింది. నలభై వేలు తీసుకున్నవాడు మాత్రం ఫోను ఎత్తలేదు. ఆమె నెలనెలా పన్నెండు వందలు వడ్డీ కడుతూనే ఉంది. అది తలచుకుంటే నాకిప్పటికీ కడుపు మండుతుంది.

ఆగిన జీతం పోయిన జీతం కాదు. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ వల్ల ఆదాయం పడిపోయిందని రాష్ట్ర ప్రభుత్వం జీతాలు వాయిదా వేసింది. అఖిల భారత సర్వీసుల వాళ్లకు 60 శాతం, ఉద్యోగులకు 50 శాతం, నాలుగో తరగతి, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ వాళ్లకు 10 శాతం. అప్పుడు నేను సీట్లోనే ఉన్నాను. సగం జీతం ఎగ్గొట్టారని ఎంత ప్రచారం జరిగిందో! ఆ విషయం కోర్టుకు వెళ్లింది. ఆగిన సొమ్ము 12 శాతం వడ్డీతో ఇవ్వమని హైకోర్టు చెప్పింది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వడ్డీని 6 శాతానికి తగ్గించింది, జీతం మాత్రం ఉద్యోగి హక్కేనని చెప్పింది.

అలాగని ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం భద్రమైనదని నేను చెప్పను. గౌరవ వేతనం మీద పనిచేసిన గ్రామ, వార్డు వాలంటీర్లు రెండున్నర లక్షల మంది ఏమయ్యారో చూశాం. గడువు పొడిగిస్తూ ఉత్తర్వే లేదని 2024లో ప్రభుత్వం చెప్పింది. కాబట్టి కంగారుపడితే ఆ ఉత్తర్వు గురించే పడండి. దాని నంబరు, తేదీ, ఎప్పటిదాకా ఉందో అడిగి రాసిపెట్టుకోండి. ఆఫీసులో చెప్పకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. జీతం రాలేదని డ్యూటీ మానొద్దు, రిజిస్టర్లో సంతకం ఆపొద్దు. మానేస్తే మీరే వదిలి వెళ్లారని రాస్తారు. ఖాళీ కాగితం మీద సంతకం అడిగితే పెట్టొద్దు. ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వొద్దు.

అపోహ: ఖర్చు తగ్గించాలంటే ముందు పర్మినెంట్ ఉద్యోగులనే తీసేస్తారు.

తీసేయరు, ఖాళీలు నింపరు. కోత పడేది కోచింగ్ సెంటర్లో కూర్చున్న పిల్లల మీద. రిటైర్మెంట్ వయసు 2014లో 58 నుంచి 60కి, 2022లో 62కి పెరిగింది. పెంచిన ప్రతిసారీ రావాల్సిన ఖాళీలు వెనక్కి జరిగాయి. డీఎస్సీ చూడండి. 2018 తర్వాత ఏళ్లు గడిచాయి, 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చి రద్దయింది, చివరికి 2025 ఏప్రిల్లో 16,347 పోస్టులకు వచ్చింది. ఈలోగా వయసు దాటినవాళ్లను ఏ లెక్కలోనూ రాయరు.

అపోహ: కోతతో ప్రైవేటు వాళ్లకు ఏం సంబంధం?

అన్నిటికంటే ముందు ఆగేది పనుల బిల్లే. రోడ్డో, కాలువో, స్కూలు గదో. కాంట్రాక్టరుకు బిల్లు రాకపోతే ఆయన ముందు ట్రాక్టర్లు, పొక్లెయిన్లు నిలిపేస్తాడు. తర్వాత మేస్త్రీలు, కూలీలు, ఆ పక్కన టీ కొట్టు. వాళ్ల చేతిలో ఉత్తర్వు ఉండదు, రద్దు కాగితమూ ఉండదు. మన సీమలో పని ఆగితే బెంగళూరు బస్సెక్కడమే.

అపోహ: ఉద్యోగం పోయేలా ఉంటే ముందే పీఎఫ్ తీసేసుకోవాలి.

మొన్న కర్నూలు నుంచి ఒక కంప్యూటర్ ఆపరేటర్ ఫోన్ చేసి, ఆదివారం వచ్చాడు. ఎనిమిదేళ్ల సర్వీసు. రూమర్లు విని టెన్షన్ పడి, పెన్షన్ సొమ్ము కూడా తీసేద్దామని ఫారం 10సి నింపుకొచ్చాడు. పెన్షన్ సొమ్ము విత్‌డ్రా చేస్తే ఆ ఎనిమిదేళ్లూ లెక్కలోంచి పోతాయి. నెలవారీ పెన్షన్‌కు పదేళ్లు కావాలి. నిజంగానే ఉద్యోగం పోయినా అదే ఫారంతో డబ్బుకు బదులు స్కీమ్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు, ఇంకోచోట చేరినప్పుడు సర్వీసు కలుస్తుంది. ఏజెన్సీ మారినా పాత యూఏఎన్ నంబరే, అంటే పీఎఫ్‌లో మనిషికి ఒక్కటే ఉండే నంబరే ఇవ్వాలి. అతని విషయంలో ఏజెన్సీ రెండుసార్లు మారింది. జీతంలో కోసిన పీఎఫ్ ఖాతాలో పడిందో లేదో ఒక్కసారీ చూసుకోలేదు. ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పాస్‌బుక్‌లో నెలనెలా సరిచూసి, పడని నెలలు కాగితం మీద రాసుకుని వచ్చే ఆదివారం రమ్మన్నాను.