వైపరూ, సుద్దముక్క చుక్కలూ

మొన్న విశాఖలో హనుమంతవాక దాటి మధురవాడ వైపు వెళ్తుంటే తుంపర మొదలైంది. మా బామ్మర్ది బండి. వైపర్ వేశాడో లేదో గర్ర్‌మని ఒకటే గోల. "బ్లేడ్లు వేయించి ఇరవై రోజులు కాలేదు బావా, మెకానిక్ మళ్ళీ మార్చమంటున్నాడు. ఫిజిక్స్ చెప్పేవాడివి కదా, ఇదేంటో చెప్పు" అన్నాడు. బంపర్‌కి నిమ్మకాయా మిరపకాయలూ కొత్తవే వేలాడుతున్నాయి కాబట్టి దిష్టి కాదని మాత్రం ఇద్దరం ఒప్పుకున్నాం.

నాకు వెంటనే నల్లబల్ల గుర్తొచ్చింది. సుద్దముక్కని వాల్చి వెనకాల ఈడ్చుకుంటూ పోతే చప్పుడు లేకుండా గీత పడుతుంది. అదే ముక్కని నిక్కబొడిచి, మొన ముందుకుండేలా తోస్తే టకటకా గెంతుతూ చుక్కల గీత వేస్తుంది. పిల్లలకి పాఠాల కంటే ఆ చుక్కలే ఎక్కువ నచ్చేవి. అవెందుకు పడతాయో నేనెప్పుడూ చెప్పలేదు, సిలబస్‌లో లేదుగా!

సంగతి ఇది. మొన బల్లకి అంటుకుంటుంది, చెయ్యి మాత్రం ఆగదు, బలం పెరిగి పెరిగి పట్టు తెగుతుంది, మొన జారుతుంది, మళ్ళీ అంటుకుంటుంది. ఆగున్నదాన్ని కదపడానికి పట్టే బలం జారుతున్నదాన్ని జరపడానికి పట్టే బలం కంటే ఎక్కువ కావడమే దీనికి మూలం. పైగా తోసేటప్పుడు ఘర్షణే మొనని బల్లలోకి కుచ్చుతుంది, ఈడ్చేటప్పుడు అదే ఘర్షణ దాన్ని పైకి తేలుస్తుంది.

వైపర్ రబ్బరు అంచు కూడా సుద్దముక్కే. తంటా ఏమిటంటే అది రెండు వైపులా ఈడ్చుకుంటూ పోవాలి, అంటే ప్రతి మలుపులోనూ ఇటు వాలింది అటు తిరగబడాలి. ఫిబ్రవరి నుంచి మే దాకా ఎండలో ఒకే చోట, ఒకే పక్కకి వంగి పడున్న రబ్బరు గట్టిపడి ఆ వంపులోనే ఉండిపోతుంది. అప్పుడు ఒకవైపు ఈడుస్తుంది, రెండోవైపు తోస్తుంది. వెళ్ళేటప్పుడు సద్దు లేకుండా, వచ్చేటప్పుడే గోల చేసే వైపర్ కథ ఇదే.

రబ్బరుకి పొడి అద్దం మీద ఘర్షణ గుణకం, అంటే ఘర్షణ ఎంతో చెప్పే అంకె, 1కి అటూ ఇటూ ఉంటే, నీటి పొర మీద 0.1, 0.2కి పడిపోతుంది. అందుకే కుండపోతలో నోరు మెదపని వైపర్ తుంపరలో, అద్దం సగం తడీ సగం పొడీగా ఉన్నప్పుడు, రాగం తీస్తుంది. సెకనుకి వందలోపు గెంతితే గర్ర్, వెయ్యి దగ్గరైతే కీచు. అద్దం మీద పక్కపక్కన దువ్వెన పళ్ళలా పడే సన్నని చారలే మన చుక్కల గీత. విల్లు తిరిగినట్టు ఒకే పొడుగాటి గీత పడితే అది వేరే జబ్బు, అంచులో ఇసుక రేణువో గాటో ఉన్నట్టు.

కొత్త బ్లేడు అరిచిందంటే నా అనుమానం రెండింటి మీద. ఒకటి అద్దం మీది జిడ్డు: పాలిష్ మైనం, బీచ్ రోడ్డులో పేరుకునే ఉప్పు. స్పిరిట్ అద్దిన గుడ్డతో అద్దాన్నీ, నలుపు దిగడం ఆగేదాకా రబ్బరునీ తుడవాలి. కిరసనాయిలు, డీజిల్ వద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది. రెండోది చెయ్యి, అంటే బ్లేడుని పట్టుకునే ఇనప కమ్మీ, మెలిపడటం. వైపర్ అద్దం మధ్యలో ఉండగా తాళం కట్టేసి పక్క నుంచి చూడండి. బ్లేడు అద్దానికి నిలువుగా ఉండాలి, వాలింది అంటే అంచు తిరగబడలేదు.

బామ్మర్దిది రెండోదే. అద్దం మీద తువ్వాలు పరిచి, బ్లేడు తీసి, స్క్రూ స్పానర్‌తో కమ్మీని కొంచెం మెలితిప్పాం, ఎక్కువైతే జబ్బు రెండోవైపుకి మారుతుంది. గర్ర్ పోయింది. సరిగ్గా వాడి కంటికెదురుగా వెంట్రుకంత గీత మాత్రం మిగిలింది. వేలితో అంచు తడిమితే రుషికొండ ఇసుక.