పారా ఎస్‌ఎఫ్ గురించి మనవాళ్లలో ఉన్న అపోహలు - వాస్తవాలు

సైన్యంలో నా సర్వీసు ఎక్కువ భాగం సైన్యపు కమాండో బలగమైన పారా స్పెషల్ ఫోర్సెస్ (పారా ఎస్‌ఎఫ్) టీమ్‌లో రేడియో ఆపరేటర్‌గానే గడిచింది. ఇప్పుడు ఊళ్లో ఉంటున్నాను. పొద్దున గ్రౌండ్‌కి పరుగుకొచ్చే కుర్రాళ్లు, పెళ్లిళ్లలో కలిసే చుట్టాలు అడిగే ప్రశ్నలు కాస్త అటూ ఇటూగా ఒకటే. వాటి వెనకున్న అపోహలు చూడ్డానికి చిన్నవే. కానీ జనం ఏది నమ్మితే ప్రభుత్వం నుంచి అదే ఆశిస్తారు. ఆ ఒత్తిడి చివరికి పడేది టీమ్‌లో ఉన్న పిల్లల మీదే. అందుకే రాస్తున్నాను. ఇందులో చెప్పేవన్నీ ఇప్పటికే బయటికి వచ్చిన విషయాలే.

అపోహ: కమాండో పనంటే కాల్పులు

వాస్తవం: ఎక్కువ పని చూడటం, వినటం, కదలకుండా పడుకోవటం.

నిఘాకి వెళ్లినప్పుడు బండల మధ్యో, పొదలోనో ఒక చోటు చూసుకుని అక్కడే ఉండిపోతాం. ఒకడు దుర్భిణి పట్టుకుంటే బడ్డీ, అంటే జతగా ఉన్నవాడు, కాసేపు కళ్లు మూస్తాడు. పొయ్యి వెలిగించడం ఉండదు, పొగైనా వాసనైనా పట్టిచ్చేస్తుంది. శకర్‌పారా, వేయించిన శనగలు, నీళ్లు, అంతే. మూత్రం సీసాలో పట్టాలి, మిగతాది కవర్లో కట్టి వెనక్కి మోసుకురావాలి. ఎత్తైన చోట చలికి రేడియో బ్యాటరీలు చచ్చిపోతాయి. అందుకని రాత్రంతా వాటిని జాకెట్ లోపల ఒంటికి ఆనించుకుని పడుకుంటాం. పక్కకి దొర్లితే బ్యాటరీ పక్కటెముకల్లో గుచ్చుకుంటుంది. ఇంత చేసి నోట్‌బుక్‌లో రాసుకునేది ఏమిటంటే సెంట్రీ ఎప్పుడు మారుతున్నాడు, నీళ్లకి ఎవరు వస్తున్నారు, కుక్క ఎటు తిరిగి మొరుగుతోంది, సాయంత్రం ఆ ఇంట్లోకి ఎంతమందికి సరిపడా రొట్టెలు వెళ్తున్నాయి. తూటా పేల్చకుండా తిరిగొచ్చిన టీమ్‌ని ఊళ్లో ఎవరూ పొగడరు గానీ, మా దగ్గర అది చాలా మంచి పని కింద లెక్క.

2025 జులై 28న శ్రీనగర్ దగ్గరి దాచీగామ్ అడవుల్లో జరిగిన ఆపరేషన్ మహాదేవ్‌నే చూడండి. పహల్గామ్‌లో 26 మందిని చంపిన ముగ్గురు ఆ రోజు హతమయ్యారు. కాల్పులు కొన్ని గంటల్లో ముగిశాయి. దాని వెనక పని మాత్రం రెండు నెలలు. వాళ్లు దాచీగామ్ వైపు ఉన్నారని మే 22న సమాచారం అందిందనీ, అప్పటినుంచి జులై 22 దాకా ఇంటెలిజెన్స్ బ్యూరో వాళ్లు, సైన్యం వాళ్లు సిగ్నల్ పట్టే పరికరాలు పట్టుకుని ఆ చలిలో, ఆ ఎత్తుల్లో కాలినడకన తిరిగారనీ హోంమంత్రి పార్లమెంటులోనే చెప్పారు. టీవీలో చూపించింది ఆ చివరి ఉదయాన్ని మాత్రమే.

అపోహ: ఎంత కష్టమైన పనైనా కమాండోలను పంపితే అయిపోతుంది

వాస్తవం: సమాచారం తప్పైతే ఎంత శిక్షణా కాపాడదు. ఈ మాట అనాలంటే శ్రీలంకలోని జాఫ్నా గురించి చెప్పక తప్పదు.

1987 అక్టోబరు 11 రాత్రి, అక్కడ మన సైన్యం చేపట్టిన ఆపరేషన్ పవన్ మొదలైన కొత్తలో, తమిళ తిరుగుబాటు సంస్థ ఎల్‌టీటీఈ నాయకత్వం జాఫ్నా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉందన్న సమాచారంతో హెలికాప్టర్లలో దాడికి దిగారు. ముందు 10వ పారా బెటాలియన్ కమాండోలు, వెనకాలే 13వ సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ బెటాలియన్ జవాన్లు అక్కడి ఫుట్‌బాల్ మైదానంలో దిగాలన్నది ప్లాన్. మన రేడియో మాటలు అవతలివాళ్లు ముందే వినేశారు. మెషిన్‌గన్లు పెట్టుకుని కాచుకుని ఉన్నారు. మొదటి విడతలు దిగాక హెలికాప్టర్లకి తూటాలు తగలడంతో మిగతా బలగం రాలేకపోయింది. మైదానంలో మిగిలిన సిక్కు ప్లాటూన్ 30 మందిలో 29 మంది అక్కడే ప్రాణాలు విడిచారు. ఒక్కరు పట్టుబడ్డారు. కమాండోలు చుట్టుపక్కల ఇళ్ల మధ్య చిక్కుకుని, తమవాళ్లను పోగొట్టుకుంటూ, ట్యాంకులు వచ్చి దారి చేసేదాకా పోరాడారు.

రేడియో మనిషిని కాబట్టి ఈ ఘటన నాకు ఎప్పుడూ ముల్లులా గుచ్చుకుంటుంది. అక్కడ ధైర్యానికి ఏ లోటూ లేదు. ఆ మైదానం పక్క భవనాల్లో ఎవరున్నారో ముందే చూసొచ్చిన కళ్లు లేవు, మన మాట బయటికి పోకుండా ఆపే ఏర్పాటు లేదు. కమాండోలను పంపేశాం కదా అన్న ధీమా పైన కూర్చున్నవాళ్లకి ఎంత ప్రమాదకరమో జాఫ్నా చూపించింది.

మన ప్రాంతంలోనూ ఇలాంటి గాయం ఉంది. గ్రేహౌండ్స్ పోలీసు దళం, సైన్యం కాదు. అయినా అడవి యుద్ధంలో వాళ్లను చూసి నేర్చుకోవడానికి వేరే రాష్ట్రాల నుంచి వచ్చేవారు. 1989లో ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ ఆ దళాన్ని తీర్చిదిద్దారు. దాని విజయాల వెనక ప్రత్యేక నిఘా విభాగం ఎస్‌ఐబీ ఇచ్చే కచ్చితమైన సమాచారం ఉండేది. అంతటి దళం కూడా 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో పడవ మీద ఉండగా గట్టు గుట్టల పైనుంచి మావోయిస్టుల దాడికి దొరికిపోయింది. 38 మంది చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది గ్రేహౌండ్స్ జవాన్లే. నీటి మధ్యలో, తలదాచుకునే చోటే లేనప్పుడు, ఎలైట్ అన్న పేరు తూటాకి అడ్డం రాదు.

అపోహ: నలుగురు వెళ్లి పని ముగించుకొస్తారు, ఇంకెవరి సాయం అక్కర్లేదు

వాస్తవం: 2024 మార్చిలో సోమాలియా సముద్రపు దొంగల చేతిలో ఉన్న ఎంవీ రుయెన్ ఓడను మన నౌకాదళం విడిపించింది. మన తీరానికి దాదాపు 2600 కిలోమీటర్ల దూరంలో, 40 గంటల ఆపరేషన్. 35 మంది దొంగలు లొంగిపోయారు, 17 మంది సిబ్బంది క్షేమంగా బయటపడ్డారు. పేపర్లలో నౌకాదళ కమాండోలు మార్కోస్ పేరే పెద్దగా వచ్చింది, రావాల్సిందే. కానీ ఓడను అడ్డుకుని ఆపింది ఐఎన్ఎస్ కోల్‌కతా. పైనుంచి కనిపెట్టుకుని ఉన్నవి పీ-8ఐ నిఘా విమానం, డ్రోన్లు. మార్కోస్‌ని పడవలతో సహా సముద్రంలో దింపింది వాయుసేన సీ-17. తోడుగా మరో నౌక ఐఎన్ఎస్ సుభద్ర. ఆ విమానాన్ని సిద్ధం చేసిన టెక్నీషియన్ పేరు ఎవరికీ తెలీదు. ఆయన లేకపోతే ఆ ఆపరేషనే లేదు. ఒక చిన్న టీమ్ వెనక ఎప్పుడూ పెద్ద వ్యవస్థ ఉంటుంది. డబ్బంతా ముందున్న టీమ్‌కి పెట్టి వెనకున్నదాన్ని ఎండబెడితే ఆ టీమ్ కాళ్లు కట్టేసినట్టే.

అపోహ: డ్రోన్లు, క్షిపణులు వచ్చాక వీళ్ల అవసరం తీరిపోయింది

వాస్తవం: పని మారింది, పోలేదు. 1971 డిసెంబరు 13 రాత్రి 9వ పారా బెటాలియన్ కమాండోలు గడ్డకట్టే చలిలో పూంచ్ నది దాటి, మంధోల్ దగ్గర పాకిస్తాన్ ఫిరంగి స్థావరంలోకి చొరబడి ఆరు ఫిరంగులను పేల్చేశారు. అదే యుద్ధంలో 10వ పారా బెటాలియన్ వాళ్లు భవానీ సింగ్ నాయకత్వంలో జోంగా వాహనాల మీద థార్ ఎడారి దాటి, సింధ్ లోపల ఛాఛ్రో దాకా వెళ్లి దెబ్బకొట్టారు. మంధోల్ లాంటి పనికి ఈ రోజుల్లో మనుషుల్ని నది దాటించే ముందు ఎవరైనా రెండుసార్లు ఆలోచిస్తారు. చోటు కచ్చితంగా తెలిస్తే అక్కడికి డ్రోన్ పోతుంది. 2025 మే 7న ఆపరేషన్ సిందూర్‌లో తొమ్మిది స్థావరాలను మన పదాతి జవాన్లెవరూ సరిహద్దు గీత దాటకుండానే కొట్టారు. ఇది మంచి మార్పు. మా వాళ్ల ప్రాణాలు మిగులుతాయంటే నాకంటే సంతోషించేది ఎవరు?

అయితే ఆ మేలోనే స్థావరాలు కూలాయి గానీ, పహల్గామ్‌లో కాల్చినవాళ్లు జులై దాకా అడవిలోనే తిరిగారు. స్థావరం ఎక్కడికీ కదలదు. మనిషి కదులుతాడు, చెట్ల కింద పడుకుంటాడు, ఫోన్ ఆపేస్తాడు. అతన్ని వెతకడానికి ఆ చెట్ల కిందకే వెళ్లాలి. ఓడలో బందీలుగా ఉన్నవాళ్లను క్షిపణితో విడిపించలేం. శత్రువు ఎవరో, పక్కనున్న ఊరివాళ్లు ఎవరో దగ్గర్నుంచి చూసి తేల్చాల్సిన చోట మనిషి కన్నే కావాలి. డ్రోన్ ఇప్పుడు టీమ్ సంచిలో ఒక పనిముట్టు అయింది. దానితో పాటు డ్రోన్ కంట పడకుండా దాక్కోవడం కూడా నేర్చుకోవాల్సి వస్తోంది. మా రోజుల్లో పైనుంచి చూసేవాడి భయం ఇంతగా ఉండేది కాదు.

అపోహ: ఇంత మంచి బలగమైతే పది రెట్లు పెంచేయొచ్చుగా

వాస్తవం: పెంచితే పలచబడుతుంది. ప్రొబేషన్ అనే ఎంపిక పరీక్ష దాటిన జవాను అప్పుడే టీమ్‌కి పూర్తిగా పనికొచ్చినట్టు కాదు. ఆ తర్వాతే పేలుడు పదార్థాలు, వైద్యం, సిగ్నల్స్, దూరం గురి, నీటి అడుగు ఈత, వీటిల్లో ఏదో ఒకదాంట్లో చెయ్యి తిరగాలి. తిరిగేసరికి ఏళ్లు పడుతుంది. ఆపద వచ్చాక అప్పటికప్పుడు తయారు చేసుకునే సరుకు కాదు. రెండో సంగతి, చేతిలో ఉన్నారు కదా అని మామూలు గాలింపులకూ, కాపలాకూ ఇదే బలగాన్ని వాడేయడం. 2020 ఏప్రిల్‌లో కేరన్ మంచుకొండల్లో 4వ పారా ఎస్‌ఎఫ్ బెటాలియన్ వాళ్లు ఐదుగురు, ఐదుగురు చొరబాటుదారులతో చేతికి చెయ్యి తగిలేంత దగ్గర్లో పోరాడి అందరినీ మట్టుబెట్టారు, తామూ ఐదుగురూ అమరులయ్యారు. ఆ స్థాయి మనిషి ఒక్కడు పోతే ఆ ఖాళీ నిండడానికి ఎంత కాలం పడుతుందో లెక్కేసుకోండి. అందుకే 2025లో సైన్యం ప్రకటించిన భైరవ్ లైట్ కమాండో బెటాలియన్లు నాకు సరైన ఆలోచనగా కనిపిస్తాయి. పదాతి దళంలో ముందుండి దాడి చేసే ఘాతక్ ప్లాటూన్‌కీ పారా ఎస్‌ఎఫ్‌కీ మధ్యలో ఉన్న పనుల్ని వాళ్లు అందుకుంటే ఎస్‌ఎఫ్ తన అసలు పనికి మిగులుతుంది.

అపోహ: కమాండోలంతా ఒకటే

ఇది త్వరగా చెప్పేస్తాను. మెరూన్ టోపీ పెట్టినవాళ్లంతా స్పెషల్ ఫోర్సెస్ కాదు. పారాచూట్ రెజిమెంట్‌లో మామూలు పారా బెటాలియన్లూ ఉన్నాయి. ఎస్‌ఎఫ్ వాళ్లకే బలిదాన్ బ్యాడ్జ్ ఉంటుంది. 1988 నవంబరులో ఆగ్రా నుంచి ఎగిరి మాల్దీవుల ప్రభుత్వాన్ని కాపాడింది మామూలు పారా బెటాలియన్ 6 పారా, అందులో ఏమాత్రం తక్కువతనం లేదు. మార్కోస్ నౌకాదళానిది, విశాఖకి దగ్గర్లో భీమునిపట్నంలో వాళ్ల స్థావరం ఐఎన్ఎస్ కర్ణ ఉంది. గరుడ్ వాయుసేనది. ఎన్‌ఎస్‌జీ హోంశాఖ కింద పనిచేస్తుంది, దాని పని దేశం లోపల ఉగ్రదాడులు, హైజాక్‌లు. ముంబయి దాడులప్పుడు వాళ్లు ఢిల్లీ వైపు నుంచి రావాల్సి రావడంతో మరునాటి ఉదయమైంది. ఆ తర్వాతే హైదరాబాద్ సహా నాలుగు నగరాల్లో హబ్‌లు పెట్టారు. ఏ పనికి ఎవరో తెలిస్తే, ఏ ఘటన జరిగినా పారా ఎస్‌ఎఫ్‌ని ఎందుకు దింపలేదని టీవీ ముందు అరవాల్సిన పని ఉండదు.

అపోహ: కండలుంటే చాలు, ఎవరికైనా డబ్బు కడితే నేరుగా కమాండోలో తీసుకుంటారు

దీని గురించి మాత్రం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల మన జిల్లాల్లో ఇళ్లు అప్పులపాలవుతున్నాయి. పారా ఎస్‌ఎఫ్‌కి డబ్బుతో తెరుచుకునే దారి లేదు. ముందు సైన్యంలోకి రావాలి. తర్వాత మీకు మీరుగా వాలంటీర్‌గా ముందుకొచ్చి ప్రొబేషన్‌కి వెళ్లాలి. ఏ అకాడమీవాడైనా, ఏ మాజీ సైనికుడైనా కమాండో సీటు ఇప్పిస్తానంటే అది మోసమే. అలాంటివాడు ఎదురైతే దగ్గర్లోని సైనిక రిక్రూటింగ్ ఆఫీసులో చెప్పండి.

ఇక కండల సంగతి. ప్రొబేషన్‌లో నిద్ర లేకుండా, బరువు మోస్తూ, తిండి తగ్గించి చూస్తారు. అక్కడ జిమ్‌లో పెరిగిన భుజాల కంటే, మూడో రోజు రాత్రి మ్యాప్ తప్పు చదవనివాడు పనికొస్తాడు. తను వణుకుతూ కూడా బడ్డీ నీళ్లు తాగాడా అని అడిగేవాడు పనికొస్తాడు. బక్కపలచని పల్లెటూరి పిల్లలు నెగ్గడం, చూడ్డానికి పోస్టర్‌లా ఉన్నవాళ్లు మధ్యలో చెయ్యెత్తేయడం రెండూ చూశాను. చెయ్యెత్తినవాళ్లు తమ యూనిట్‌కి తిరిగి వెళ్లి మామూలుగా సర్వీసు చేసుకుంటారు, అది శిక్ష కాదు. కాబట్టి తమ్ముడూ, ముందు పరుగు, ఈత, మ్యాప్ చదవడం, కొంచెం హిందీ నేర్చుకో. టీమ్‌లో ఆదేశాలన్నీ హిందీలోనే వస్తాయి. అర్ధరాత్రి రేడియోలో గుసగుసగా ఒక్కసారే చెప్తారు, మళ్లీ అడిగే వీలుండదు.