మెదక్ చర్చి: విన్నవి, ఉన్నవి

సంఘాల శతాబ్ది సంచికలకు చరిత్ర రాసిపెట్టడం నా పని. బాప్తిస్మపు రిజిస్టర్లు, పెళ్లి రిజిస్టర్లు, శంకుస్థాపన రాళ్లు చూసుకుంటూ తిరుగుతాను. ఏ ఊరి చర్చి గురించి మొదలుపెట్టినా మాట మెదక్ మీదికే పోతుంది, అక్కడ కథలు ఎక్కువ కాబట్టి.

అపోహ: అది మొదటి రోజు నుంచీ కెథడ్రలే.

వాస్తవం: 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన నాటికి అది వెస్లియన్ మెథడిస్టుల (ఇంగ్లండులోని ఒక ప్రొటెస్టెంటు శాఖ) ప్రార్థన మందిరం. కెథడ్రల్ అంటే పెద్ద చర్చి అని కాదు, బిషప్పు పీఠం ఉన్న చర్చి అని. బ్రిటిష్ మెథడిస్టుల్లో బిషప్పులే లేరు, ఇక పీఠం ఎక్కడిది? 1947లో కొన్ని ప్రొటెస్టెంటు శాఖలు కలిసి సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఏర్పడి, మెదక్‌కు బిషప్పు వచ్చాకే ఆ పేరు. బిషప్పు లేని సంఘం ఒక చిన్న ఊళ్లో 100 అడుగుల వెడల్పు, 200 అడుగుల పొడవున మందిరం కట్టుకుంది. నాకు అసలు వింత అదే.

కాగితాలు చదివేవాళ్లకు ఒక మాట. 1932లో ఇంగ్లండులో మెథడిస్టు శాఖలు కలిశాయి. కాబట్టి అంతకుముందు 'వెస్లియన్', తర్వాత 'మెథడిస్టు', 1947 తర్వాత 'సీఎస్ఐ' అని కనిపిస్తే మూడు సంఘాలనుకోకండి. సంఘం ఒకటే. అమెరికా మెథడిస్టులు మాత్రం వేరు. వాళ్లు సీఎస్ఐలో కలవలేదు, వాళ్ల సంఘాలు ఇప్పటికీ మెథడిస్టు పేరుతోనే ఉన్నాయి.

అపోహ: కరువులో బియ్యం పెట్టి మతం మార్చి కట్టించారు.

వాస్తవం: కరువు నిజం. ఊరికే పెట్టే బదులు పనిచ్చి తిండి పెట్టాలన్నది ఈ మందిరం కట్టించిన మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆలోచన. జనం ఆయన్ని పోస్నెట్ దొర అనేవాళ్లు. కానీ ఆయన మెదక్ వచ్చింది 1890లలో, కట్టడం మొదలైంది 1914లో. ఈ మధ్యలోనే చుట్టుపక్కల మాల, మాదిగ వాడల్లో సంఘాలు పుట్టాయి. జనమే లేకపోతే అంత మందిరం ఎవరి కోసం లేపుతారు? దొర పేరు అందరికీ తెలుసు, రాళ్లు మోసినవాళ్ల పేర్లే ఎవరికీ గుర్తులేవు.

అపోహ: 1924కే అంతా పూర్తయింది.

వాస్తవం: రంగుటద్దాల కిటికీలు తర్వాత వచ్చాయి. ఆరోహణం 1927లో, క్రీస్తు జననం 1947లో, సిలువ 1958లో. గీసిన ఫ్రాంక్ సాలిస్‌బరీ కూడా మెథడిస్టే. బయటి వెలుగు పడితేనే బొమ్మలు కనిపిస్తాయి. చీకటి పడ్డాక వచ్చి "ఏం లేదండీ" అని వెళ్లిపోయేవాళ్లను ఎందరినో చూశాను.

"ప్రపంచంలో వాటికన్ తర్వాత రెండో పెద్ద చర్చి" అన్న మాటకు కొలత టేపు చాలు. రోములోని సెయింట్ పీటర్స్ పొడవు 600 అడుగుల పైమాటే. మెదక్‌ది 200. మధ్యలో ఎన్ని చర్చిలు పడతాయో లెక్కేసుకోండి.

చార్మినార్‌ను మించిందని నిజాం ఎత్తు తగ్గించమన్నాడట. గోపురం 170 అడుగులు దాటిన మాట నిజమే. తగ్గించలేదన్నదీ నిజమే, నిలబడే ఉంది కదా. ఆ హుకుం కథను మాత్రం నేను సంచికల్లో రాయను. టీ తాగుతూ ఎవరైనా అడిగితే చెబుతాను.