మంత్రసాని నుంచి లేబర్ రూమ్ దాకా, మాట ఎక్కడ జారిపోయింది

మా వదిన మొదటి కాన్పు గుంటూరులోనే, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. రాత్రి ఎనిమిదింటికి సిస్టర్లు డ్యూటీ మారే టైమ్. దిగిపోయే సిస్టర్ బీపీ చూసి పెన్నుతో అరచేతిలో రాసుకుంది, 150/100, కేస్ షీట్‌లో ఎక్కించేలోపే పక్క మంచం ఆవిడకి బిడ్డ తల కనపడుతోందని కేకేస్తే పరిగెత్తింది, ఆ కాన్పు అయ్యాక చేతులు కడుక్కుంది, అంతే, ఆ అంకె కాస్తా నీళ్ళల్లో పోయింది. తల పగిలిపోతోంది, చూపు మసకగా ఉంది అని వదిన ఏడుస్తుంటే గానీ మళ్ళీ ఎవరూ బీపీ చూడలేదు. తల్లీబిడ్డా ఎలాగో బయటపడ్డారు. ఆ సిస్టర్‌ని నేనేం అనను, ఒక్కతే ఎన్ని మంచాలు చూస్తుంది?

ఇదివరకు ఊళ్ళల్లో పురుడంటే మంత్రసాని. నొప్పులు మొదలైన దగ్గర్నుంచి మాయ పడేదాకా అంతా ఆవిడ కళ్ళముందే జరిగేది కాబట్టి ఒకరు ఇంకొకరికి చెప్పాల్సిన పని ఉండేది కాదు. అలాగని ఆ రోజులే నయం అనట్లేదు, బిడ్డ అడ్డం తిరిగినా రక్తం ఆగకపోయినా ఆవిడ మాత్రం ఏం చేస్తుంది. గుంటూరుకి 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో ఇక్కడ ఆడవాళ్ళకి ఆసుపత్రి పెట్టారు, మనం కుగ్లర్ ఆసుపత్రి అంటామే, అదే. తర్వాత 1946లో గుంటూరు మెడికల్ కాలేజీ, 1980లో విజయవాడలో సిద్ధార్థ వచ్చాయి. 2005లో ఆసుపత్రిలో కాన్పు చేయించుకుంటే డబ్బిచ్చే జననీ సురక్ష యోజన, అదే ఏడాది ఆగస్టు 15న 108. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే మన రాష్ట్రంలో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే, మొత్తం కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లు.

చాలా మంచి మార్పే, కాదనను. కానీ ఒక్క మనిషి చూసే కాన్పు పదిమంది చేతుల్లోకి వెళ్ళింది. ఆశా అక్క, 108 వాళ్ళు, పీహెచ్‌సీ సిస్టర్, తెనాలి నుంచో బాపట్ల నుంచో గుంటూరు జీజీహెచ్‌కి రిఫర్ చేస్తే అక్కడ డ్యూటీలో ఉన్న పీజీ డాక్టరు, మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు. ఒక చెయ్యి నుంచి ఇంకో చేతికి మారే ప్రతిచోటా ఒక మాట జారిపోవచ్చు. చేతులైతే పెరిగాయి గానీ వాటి మధ్య మాట ఎలా నడవాలో మాత్రం చాలాకాలం ఎవరూ నేర్పలేదు.

ఇది మన ఒక్కళ్ళ గొడవ కాదు. అమెరికాలో ఆసుపత్రులకి గుర్తింపు ఇచ్చే జాయింట్ కమిషన్ 2004లో కాన్పులప్పుడు పిల్లలు చనిపోయిన, దెబ్బతిన్న 47 కేసులు తిరగేస్తే, 72 శాతం వాటిల్లో మూలకారణాల్లో ఒకటి సరిగ్గా చెప్పుకోకపోవడమే. అక్కడి నౌకాదళం సబ్‌మెరైన్లలో వాడిన ఎస్‌బార్ అనే పద్ధతి అప్పటికే ఆసుపత్రుల్లోకి వస్తోంది. ఇప్పుడేమైంది, ముందు సంగతేంటి, నాకేమనిపిస్తోంది, మీరేం చెయ్యాలి, ఈ నాలుగూ వరసగా చెప్పడమే. “మేడం, మూడో బెడ్ బాలేదు” అంటే నిద్రలో ఉన్న డాక్టరమ్మ “చూద్దాంలే” అంటుంది. “మేడం, మూడో బెడ్, మొదటి కాన్పు, బీపీ 160/110, చూపు మసక అంటోంది, ఫిట్స్ వస్తాయేమో అనిపిస్తోంది, మీరు ఇప్పుడే రావాలి” అంటే లేచి రావాల్సిందే. చిన్న సిస్టర్‌కి పెద్ద డాక్టర్ దగ్గర నోరు పెగిలేది ఇలాంటి వరస చేతిలో ఉన్నప్పుడే అని నా నమ్మకం.

కాగితం ఒక్కటే చాలదు కూడా. ఉత్తరప్రదేశ్‌లో 120 ఆసుపత్రుల్లో కాన్పు చెక్‌లిస్ట్ పెట్టి చూసిన పరిశోధన 2017లో వచ్చింది, పనితీరు మెరుగైంది గానీ చావులు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. అదే ఏడాది డిసెంబర్‌లో కేంద్రం లేబర్ రూములు బాగుచెయ్యడానికి లక్ష్య అనే కార్యక్రమం తెచ్చింది. అంతకుముందే 2016లో కాన్పు దగ్గర అమ్మో అత్తో తోడుండొచ్చని సర్కారు ఆసుపత్రులకి చెప్పింది.

వదిన రెండో కాన్పు విజయవాడలో, వేరే ఆసుపత్రి. డ్యూటీ దిగే సిస్టర్ కొత్త సిస్టర్‌ని మంచం దాకా తీసుకొచ్చి, షీట్ చూపిస్తూ, బీపీ ఎంతో, ఉమ్మనీరు ఎప్పుడు పోయిందో, పోయినసారి ఏమైందో మా అందరి ముందే చెప్పి, “ఇంకేమైనా ఉందామ్మా?” అని వదినని కూడా అడిగి వెళ్ళింది.